బ్రుస్తెని సుడితొట్టి

బ్రుస్తెని, 7 మార్చి 2004

చెల్లీ వోయికా,

నీ ఉత్తరం అందింది. కొత్త కళ్ళద్దాలు పెట్టుకున్నావట, సంతోషం. నీ చేతిరాత మాత్రం ఇంకా కోడి గెలికినట్టే ఉంది. నోటరీ దగ్గర పద్దెనిమిదేళ్ళుగా టైపు కొడుతున్నదానివి, కలం పట్టుకోవడం మరిచిపోయి ఉంటావులే.

ఇక్కడ మంచు కరుగుతోంది. ఆవు ఈనింది, పెయ్యదూడ. మీ బావ మోకాలు యథాప్రకారం. వాన రాబోతోందని రేడియో కంటే ముందు ఆయన మోకాలే చెబుతుంది.

అసలు సంగతికి వస్తాను. కిందటేడు వరద మన సుడితొట్టిని ఎత్తుకుపోయిందని రాశాను కదా. నీకు గుర్తుందో లేదో, ఏటిలోంచి కాలువ తీసి, ఆ నీళ్ళు పైనుంచి చెక్క తొట్టిలోకి దూకించేవాళ్ళం. లోపల నీళ్ళు గిర్రున తిరిగేవి. నాన్న నిన్ను అంచు మీద కూర్చోబెట్టి నడుం పట్టుకుంటే నువ్వు ఊరంతా వినపడేట్టు కేకలు పెట్టేదానివి. ఉన్ని రగ్గులు అందులో పడేస్తే సబ్బు ముక్క లేకుండా శుభ్రపడి, గొర్రెపిల్లలా ఉబ్బి బయటికొచ్చేవి. ఏడాది అయింది, ఆ చప్పుడు లేదు.

ఇప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళం రగ్గులన్నీ బండికెత్తుకుని ఏడు కిలోమీటర్లు దుంబ్రెనికి పోతున్నాం. అక్కడి సుడితొట్టి దగ్గర నస్తాకా ఉంటుంది, నీతోపాటు బడిలో చదివిన పొడుగుపిల్ల, ఇప్పుడు అడ్డంగా కూడా పెరిగింది. మమ్మల్ని చూడగానే నడుం మీద చేతులు పెట్టి, "ఏమ్మా గాఫియా, మీ ఊళ్ళో ఏరు ఎండిపోయిందా, మీ మగాళ్ళ చేతులు ఎండిపోయాయా?" అంది. దానికి నేనేం చెప్పానో ఉత్తరంలో రాయకూడదు.

కొత్త తొట్టి కట్టడం ఈ లోయ మొత్తంలో తోడెర్ మామయ్య ఒక్కడికే తెలుసు. ఆయనకు డెబ్బై ఎనిమిది. కుడికన్ను మసకేసింది. "ఈ ఏడు చెక్క తెచ్చిపెట్టండే, కడతాను. వచ్చే ఏడు కొలత గీత నాకు కనబడదు" అన్నాడు. పలక పలకకీ ఎంత వాలు ఉండాలో ఆయన ఎవరికీ చెప్పి నేర్పలేడు, చేస్తూ చూపించాల్సిందే. ఆయన చెయ్యకపోతే బ్రుస్తెనిలో ఇంక ఎప్పటికీ సుడితొట్టి ఉండదు.

మన టీచరమ్మ ఇలారియా ఒక కాగితం తెచ్చింది. మీ క్లూజ్ నగరంలో ఎవరో ఒక ఫౌండేషన్ వాళ్ళు ఊళ్ళలోని చిన్న చిన్న సంఘాలకు చిన్న గ్రాంటులు ఇస్తారట. "మాకు సంఘం ఎక్కడుందమ్మా?" అన్నాను. "ప్రతి గురువారం ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్ని వడుకుతూ ఊరందరి సంగతులూ మాట్లాడుకుంటారు కదా, అదే సంఘం" అంది. ఇన్నాళ్ళూ తెలియక సంఘం నడిపామన్నమాట.

నీకు ఫారాలు నింపడం వచ్చు. కాస్త చూసిపెట్టు.

అన్నట్టు అమ్మ ఎర్ర రగ్గు ఎలా ఉంది? ఈస్టరుకు ముందు బస్సులో పంపు, దుంబ్రెనిలో ఉతికించి పంపుతాను.

మీ అక్క గాఫియా


క్లూజ్, 15 మార్చి 2004

అక్కా,

కోడి గెలుకుడు అన్నావని ఇది టైపు కొట్టి పంపుతున్నాను. ఇప్పుడు "చెల్లెలు ఆఫీసు కాగితంలా రాసింది" అంటావు, తెలుసు.

ఫౌండేషన్ ఆఫీసు మా వీధికి రెండు వీధుల అవతలే. ఫారం తెచ్చి ఇందులో పెట్టాను. శ్రద్ధగా చదువు. నాలుగు మాటలు చెబుతాను, కోప్పడకు. గొప్పలు పోవద్దు. ఇబ్బంది ఏమిటో ఉన్నదున్నట్టు రాయి. వరద పాడుచేసిన చోటు ఫోటోలు తీయించి పంపు, ఎంత అధ్వానంగా ఉంటే అంత మంచిది. అక్కర ఉన్నవాళ్ళకే ఇస్తారు, కడుపు నిండినవాళ్ళకు కాదు.

అమ్మ రగ్గు బాగానే ఉంది. దాన్ని అంత దూరం మోయడం ఎందుకులే. బావ మోకాలికి కర్పూరం నూనె పంపుతున్నాను. దూడకు ఏం పేరు పెట్టారు?

వోయికా


బ్రుస్తెని, 28 మార్చి 2004

చెల్లీ,

దూడ పేరు గ్రాంటు. మీ బావ పెట్టాడు. ఇంట్లో ఒక గ్రాంటైనా ఉండాలట.

ఫారం నింపి పంపుతున్నాను. గురువారం అందరం కూర్చుని నింపాం. ఎవరు తయారుచేశారో గానీ పెంపకం లేని ఫారం. ముక్కూ మొహం తెలియనివాళ్ళను "మీ బలహీనతలు ఏమిటి" అని అడుగుతారా? అయినా జవాబులు రాశాం.

"మీ ఊరి ప్రధాన సమస్యలు?" ఏమీ లేవు, దేవుడి దయ.

"మీ బలహీనతలు?" మాకు లేవు. దుంబ్రెని వాళ్ళకు ఉన్నాయి, కావాలంటే వేరే కాగితం మీద రాసిస్తాం.

"ఊళ్ళో ఆసరా అవసరమైన బలహీనులు ఎవరు?" మా ఆయన మోకాలు తప్ప బ్రుస్తెనిలో బలహీనమైనది ఏదీ లేదు.

"గ్రాంటు రాకపోతే ఏం చేస్తారు?" ఇన్నాళ్ళూ ఏం చేశామో అదే చేస్తాం.

ఫోటోలు తీయించలేదు. వరద పోసిన బురద, రాళ్ళు, విరిగిన దుంగలు, ఇవన్నీ పరాయివాళ్ళకు పంపుతారా ఎవరైనా? చర్చి ఫోటో ఒకటి పంపుతున్నాను, అందులో ఊరు బాగా పడింది.

రగ్గు సంగతి నాకు అర్థం కాలేదు. బస్సులో పెడితే డ్రైవరు తెచ్చిస్తాడు, నువ్వు మోసేదేముంది? మా ఉతుకుడు నీకు నచ్చదా? పట్నంలో మిషన్లు వచ్చాక ఏటినీళ్ళు మురికి అయిపోయాయా? అమ్మ అది నీకే ఇచ్చింది, నేను లాక్కోనులే.

మీ అక్క


క్లూజ్, 4 మే 2004

అక్కా,

ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించు. ఫారం చదివి నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. తర్వాత తల పట్టుకున్నాను. అది అలాగే ఇస్తే ఆఫీసులో వాళ్ళు కూడా నవ్వి, పక్కన పడేసేవాళ్ళు. అందుకని మొత్తం నేనే తిరగరాసి ఇచ్చాను. నకలు పంపను. పద్దెనిమిదేళ్ళుగా జనం తరఫున అర్జీలు రాస్తున్నాను అక్కా, ఏ మాటకు ఏ తలుపు తెరుచుకుంటుందో నాకు తెలుసు.

ఫలితం చూడు, మొదటి వడపోతలో నిలిచాం! మే 20న బ్రాతు మేడం అని ఒకావిడ పరిస్థితి స్వయంగా చూడడానికి వస్తుంది. దయచేసి, అమ్మ మీద ఒట్టు, ఏదీ ముట్టుకోవద్దు. ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి. ఆవిడకు బురద కనబడాలి.

రగ్గు గురించి అలా రాశావేం? నాకు బాధేసింది. ఏదీ లేదు. దాని గురించి వదిలెయ్.

వోయికా


బ్రుస్తెని, 23 మే 2004

బంగారుతల్లీ వోయికా,

కూర్చుని చదువు. మన ఊరి పరువు ఆకాశాన్నంటింది.

ఏదీ ముట్టుకోవద్దని రాశావు. చదివాను. చదివి పక్కన పెట్టాను. ఇంటికి చుట్టం వస్తుంటే గడప ఊడవకుండా ఉంచమంటావా? అమ్మ మీద ఒట్టు వేశావు గానీ, ఆ బురదలో పరాయి ఆడమనిషిని నిలబెడితే అమ్మ సమాధిలోంచి లేచొచ్చి నా జుట్టు పట్టుకునేది.

గురువారం ఒక్క మాట అన్నాను, అంతే. ఇరవై ముగ్గురు ఆడవాళ్ళం, పద్నాలుగు మంది మగవాళ్ళు, మూడు రోజులు. కాలువలో వరద తెచ్చిపోసిన రాళ్ళన్నీ తీశాం. దుంగలు లాగడానికి మీ బావ గుర్రపు బండి తోలాడు, మోకాలు మాటే ఎత్తలేదు. గట్టు కట్టాం. పాత కంచె పీకి కొత్త కంచె అల్లి, దాని పొడుగునా ఊళ్ళో ఉన్న ఉన్ని రగ్గులన్నీ ఆరేశాం, ఎనభై రెండు. ఎరుపు, నలుపు, కుంకుమపువ్వు రంగు. కొండ మీద నుంచి చూస్తే కంచె కట్టలేదు, పెళ్ళిపందిరి వేశారనుకుంటారు.

ఆ తర్వాత అందరం నిలబడి చూశాం. కాలువ బాగుంది, కంచె బాగుంది, మధ్యలో తొట్టి ఉండాల్సిన చోట బోసిగా ఉంది. బల్ల మీద గుడ్డ పరిచి కంచం పెట్టనట్టుంది. దానికీ ఒక దారి చూశాం. తొట్టి ఎక్కడిదని అడగకు. తోడెర్ మామయ్య దిగి దాన్ని సరిగ్గా కూర్చోబెట్టాడు.

బ్రాతు మేడం కారు దిగింది. సన్నటి మనిషి, చెప్పులు మన రోడ్డుకు పనికొచ్చేవి కావు. తోడెర్ మామయ్య తూము పలక ఎత్తాడు. నీళ్ళు దూకాయి, తొట్టిలో సుడి తిరిగింది. ఏడాది తర్వాత ఆ చప్పుడు విన్నాను వోయికా, నాకు ఏడుపొచ్చింది, నేనొక్కదాన్నే కాదు.

మొక్కజొన్న సంకటి, గొర్రెపాల జున్ను, క్యాబేజీ ఆకుల్లో చుట్టి వండిన మాంసం, నాలుగు రకాల రొట్టెలు. ఆవిడ ఒక్కర్తే, మేం వండింది పెళ్ళికి సరిపోతుంది. పుస్తకంలో ఏదో రాసుకుంటూ, "ఇంతకీ మీకేం కావాలండీ?" అని అడిగింది.

"మాకేం తక్కువమ్మా! ముందు మీరు తినండి" అన్నాను.

చెయ్యి పట్టుకుని ఊపి, ప్లమ్ పళ్ళ జామ్ సీసా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయింది. గ్రాంటు వచ్చినట్టే.

గర్వంగా,
మీ అక్క


క్లూజ్, 11 జూన్ 2004

అక్కా,

రాలేదు.

ఫౌండేషన్ ఉత్తరంలో ఉన్న మాటలు ఇవి: "దరఖాస్తులో పేర్కొన్న సౌకర్యం చక్కగా పనిచేస్తున్నట్టు మా ప్రతినిధి గమనించారు. దరఖాస్తులోని వివరాలు వాస్తవానికి విరుద్ధంగా ఉన్నాయి." కవరు మీద నా పేరు, మా నోటరీ ఆఫీసు చిరునామా. మా నోటరీగారు అది చదివి నాకు అందిస్తూ, "వోయికా, మనం బతికేదే సంతకం నిజమని నమ్మించి కదా" అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఒక్కటి అడుగుతాను. ఏదీ ముట్టుకోవద్దంటే అర్థం కాలేదా? ఆవిడ తిన్నగా మీకేం కావాలని అడిగితే "మాకేం తక్కువ" అంటావా? నలుగురిలో ఒక్కసారి చెయ్యి చాపితే ఆ చెయ్యి విరిగిపోతుందా? నువ్వు జామ్ సీసా ఇచ్చి పంపావు, నేను అబద్ధాలకోరునయ్యాను. మీ పరువు ఆకాశంలో ఉంది, నా పరువు మా ఆఫీసు బల్ల మీద పడి ఉంది.

ఆ తొట్టి ఎక్కడిది?

వోయికా


బ్రుస్తెని, 20 జూన్ 2004

వోయికా,

తొట్టి దుంబ్రెనిది. నస్తాకా దగ్గరికి నేనే వెళ్ళి అడిగాను. ఎన్ని మాటలు పడాలో అన్నిటికీ సిద్ధపడి వెళ్ళాను. అది ఒక్క మాట కూడా అనకుండా, "ఇంటికి చుట్టాలొస్తుంటే కుర్చీలు అరువు తెచ్చుకోమూ? తీసుకుపో" అంది. పైగా వాళ్ళ ఆయన్నే బండిచ్చి పంపింది. మూడు రోజులు ఉంచుకుని తిరిగిచ్చేశాం. నలుగురిలో చెయ్యి చాపడం నాకు చేతకాదన్నావు. చాపాల్సిన చోట చాపాను.

ఇక నీ సంగతి. ఫౌండేషన్ వాళ్ళు కాగితాలన్నీ టీచరమ్మ పేరుకు కూడా పంపారు. అందులో నువ్వు రాసిన దరఖాస్తు నకలు ఉంది. తెలియక గురువారం అందరి ముందూ చదవమన్నాను. ఆవిడ సగం చదివి ఆపేద్దామని చూసింది, నేనే "కానివ్వమ్మా" అన్నాను.

"దిక్కులేని ఈ వృద్ధ మహిళలు ఎవరి ఆసరా లేక, తడిసిన బరువులు వీపున మోస్తూ..." అని రాశావు. "వారి గ్రామంలో చేతనైన పురుషులు లేరు" అని రాశావు. తోడెర్ మామయ్య అక్కడే పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు. "మనకు దిక్కు లేదా గాఫియా?" అని అడిగాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి మా వాకిలి తొక్కలేదు.

నాలుగు పేజీలు రాశావు. ఎక్కడ చూసినా వారు, వారి, వారికి. నువ్వు ఈ ఊళ్ళో పుట్టలేదా? ఆ తొట్టి అంచు మీద నిన్ను కూర్చోబెట్టింది వాళ్ళ నాన్నా? అమ్మ రగ్గు పంపడానికి ఎందుకు మనసొప్పలేదో ఇప్పుడు తెలిసింది. మేం నీకు జాలిపడాల్సిన జనం అయ్యాం. జాలి మాకు అక్కర్లేదు, తొట్టి కూడా అక్కర్లేదు.

ఆగస్టు మేరీమాత పండక్కి శ్రమపడి రావద్దు.

గాఫియా


క్లూజ్, 29 ఆగస్టు 2004

అక్కా,

రెండు నెలలు రాయలేదు. రాసినవి మూడున్నాయి, చించేశాను. ఇది చేత్తో రాస్తున్నాను, కోడి గెలికినా సరే.

ముందు రగ్గు. నాలుగేళ్ళ కిందట చలికాలంలో దాని మీద కాఫీ ఒలికింది. ఇక్కడ బట్టలుతికే దుకాణంలో ఇచ్చాను. వాడు వేడినీళ్ళ మిషన్లో వేశాడు. తిరిగిచ్చినప్పుడు అది నా రగ్గేనని నేను నమ్మలేదు. గుమ్మం ముందు పరుచుకునే పట్టా అంత అయిపోయింది. అట్టలా బిగుసుకుపోయింది, మడత పడదు. అమ్మ రెండు శీతాకాలాలు నేసింది అక్కా. పారేయలేక, చూడలేక పరుపు కింద పెట్టాను. నీకెలా చెప్పాలో తెలియలేదు. నువ్వు పంపమన్నప్పుడల్లా ఏదో ఒక సాకు రాసేదాన్ని. నీ ఉతుకుడు నాకు నచ్చకపోవడం కాదు. నాకు సిగ్గేసింది.

రెండోది. జూలైలో ఫౌండేషన్ ఆఫీసుకు వెళ్ళాను. బ్రాతు మేడంను కలిసి, ఆ దరఖాస్తులో ప్రతి మాటా నాదే, ఊరివాళ్ళకు దాని సంగతే తెలియదు అని చెప్పాను. దుంబ్రెని తొట్టి సంగతి కూడా చెప్పేశాను, తిట్టుకో. ఆవిడ నవ్వింది. "ముప్ఫై ఏడు మంది మూడు రోజుల్లో ఆ కాలువ తీశారా? నేను చూసిన ఊళ్ళలో సగం చోట్ల గ్రాంటు ఇచ్చాక కూడా కాలువలు తీయలేదు" అంది. "మరి ఇవ్వొచ్చు కదండీ" అన్నాను. "ఎలా ఇవ్వమంటారు? మీరేమో ఏడ్చారు, మీ అక్కగారేమో అన్నం పెట్టారు. ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అడిగినవాళ్ళకే ఇవ్వగలను" అంది.

మళ్ళీ దరఖాస్తులకు గడువు అక్టోబరు ఒకటి. ఖాళీ ఫారం పెట్టాను, ప్రశ్నలు మార్చారు. ఈసారి నేను ఒక్క అక్షరం రాయను.

వారు, వారి అని రాసింది జాలితో కాదు. అర్జీలు అలా రాయడమే నాకు వచ్చు, నా గురించి రాసుకున్నా అలాగే రాస్తాను. అయినా నువ్వన్నది నిజం. నేను ఆ కాలువలో ఒక్క రాయి తీయలేదు. "మేము" అని రాయడానికి చెయ్యి రాలేదు.

తోడెర్ మామయ్యకు నా తరఫున క్షమాపణ చెప్పు. వీలైతే నువ్వు కూడా.

నీ చెల్లెలు వోయికా


బ్రుస్తెని, 12 సెప్టెంబరు 2004

చెల్లీ,

పిచ్చిదానా. రగ్గును నాలుగేళ్ళు పరుపు కింద దాచుకుని పడుకున్నావా? నడుం నొప్పి అని రాస్తుండేదానివి, అదేనేమో. చదివి ముందు అమ్మను తలుచుకుని ఏడ్చాను, తర్వాత మీ బావకు చదివి వినిపిస్తూ నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. పారేయకు. బస్సులో పంపు. అమ్మ చెయ్యి పడిన వస్తువు మన ఇంట్లో ఉండాలి.

తోడెర్ మామయ్య ఇంటికి వెళ్ళి నీ ఉత్తరం అంతా చదివి వినిపించాను. విని, "అది నన్ను దిక్కులేనివాణ్ణంది, నేను దాన్ని తొట్టిలో పడేయకుండా ఎన్నిసార్లు పట్టుకున్నానో అడుగు" అన్నాడు. అంటే కోపం పోయినట్టే. కానీ మసక ఎడమకన్నుకు కూడా వస్తోందట.

ఫారం నింపాను. నేనే. మూడు మధ్యాహ్నాలు పట్టింది. మొదటి రోజు పేరు, ఊరు రాసి ఆగిపోయాను. "మీకు లేనిది ఏమిటి" అన్న గడి దగ్గర కలం కదలలేదు. నిజం చెబుతున్నాను, మా అత్తగారికి జవాబు చెప్పడం కూడా ఇంత కష్టం కాలేదు. ఏముంది రాయడానికి, రెండు మాటలు. ఆ రెండు మాటలు రాయడానికి నాకు అరవై ఒక్క ఏళ్ళు పట్టింది.

నువ్వు చదువుతావని తెలుసు కాబట్టి ఇక్కడా రాస్తున్నాను.

"మీరు ఎవరు?" బ్రుస్తెనిలో గురువారాలు కలిసి ఉన్ని వడికే ఆడవాళ్ళం.

"మీకు లేనిది ఏమిటి?" మాకు సుడితొట్టి లేదు. వరద తీసుకుపోయింది. మే నెలలో మీరు చూసింది దుంబ్రెని వాళ్ళది. ఖాళీ చోటు మీకు చూపించడానికి సిగ్గుపడి అరువు తెచ్చాం. అది తప్పే.

"మీకు ఉన్నది ఏమిటి?" శుభ్రం చేసిన కాలువ. ముప్ఫై ఏడు జతల చేతులు. తోడెర్ గారికి తెలిసిన పని. ఆయన కన్ను ఇంకొక ఏడాది ఉంటుందేమో.

"మీరు కోరేది ఏమిటి?" ఓక్ దుంగలు, కోయించే ఖర్చు, ఇనప పట్టీలు. మిగతాది మేం చేసుకుంటాం. ఇంతకుముందు మీరు ఎదురుగా నిలబడి అడిగినప్పుడు చెప్పలేదు. ఇప్పుడు అడుగుతున్నాం.

ఇందులో ఒక్క ముక్క మార్చావంటే ఊరుకోను. ఆఫీసులో ఇచ్చి రా.

మీ అక్క


క్లూజ్, 4 నవంబరు 2004

అక్కా! వచ్చింది, గ్రాంటు వచ్చింది!

దూడ కాదు, అసలుది. అధికారిక ఉత్తరం టీచరమ్మకు వస్తుంది. నేను ఆగలేక ముందే రాస్తున్నాను.

నిజం చెప్పనా? ఫారం ఇచ్చే ముందు రెండు కామాలు పెడదామని చెయ్యి దురద పెట్టింది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. అలాగే ఇచ్చేశాను. మా నోటరీగారికి చదివి వినిపించాను, ఆయన కళ్ళద్దాలు తీసి, "దీనికి ముద్ర అక్కర్లేదు" అన్నారు. వీధిలో నడుస్తుంటే ఎదురొచ్చే వాళ్ళందరినీ ఆపి, ఆ రాసింది మా అక్క అని చెప్పాలనిపించింది.

రగ్గు మొన్న శుక్రవారం బస్సులో పెట్టాను. చూసి తిట్టుకోకు.

నీ చెల్లెలు


బ్రుస్తెని, 20 ఏప్రిల్ 2005

చెల్లీ వోయికా,

పని పూర్తయింది. ఇవాళ్టికి నాలుగు రోజులైంది, సుడితొట్టి ఆగకుండా తిరుగుతోంది. ఈ ఉత్తరం దాని పక్కనే రాయి మీద కూర్చుని రాస్తున్నాను, నీటి చుక్కలు పడ్డచోట సిరా అలుక్కుపోతే నా తప్పు కాదు.

తోడెర్ మామయ్య శీతాకాలం అంతా పలకలు చెక్కాడు. చూపు ఆనకపోతే బొటనవేలితో తడిమి కొలిచాడు. అంతటితో ఊరుకోలేదు, మీ బావకూ, ఇంకో నలుగురికీ ప్రతి పలకా చేయించి నేర్పాడు. నస్తాకా కూడా వాళ్ళ ఆయన్ని పంపింది, వాళ్ళ తొట్టికీ ఎప్పుడో రోజు వస్తుంది కదా అని. ఇప్పుడు ఈ లోయలో సుడితొట్టి కట్టగలవాళ్ళు మామయ్య కాక ఆరుగురు.

అయితే నీళ్ళు వదిలిన మొదటి రోజు తూము దగ్గర కారడం మొదలైంది. పలకకూ రాతికీ మధ్య సందు. నీళ్ళన్నీ అందులోంచి పోతుంటే తొట్టిలో సుడి తిరగడం లేదు, బద్ధకంగా ఊగుతోంది. నాచు కుక్కాం, కొట్టుకుపోయింది. బంకమట్టి పెట్టాం, కరిగిపోయింది. తారు పూశాం, ఊడింది. బ్రాతు మేడం రావడానికి రెండు రోజులుంది. తోడెర్ మామయ్య తూము మీద కూర్చుని, "మెత్తగా ఉండాలి, కానీ నీళ్ళు పీల్చి ఉబ్బి బిగుసుకోవాలి. అట్టలా బిగిసిన ఉన్ని ఏమైనా ఉందా ఇంట్లో?" అన్నాడు.

నేను ఇంటికి పరిగెత్తాను. నా వయసులో ఎవరూ అలా పరిగెత్తకూడదు. పెట్టెలోంచి అమ్మ రగ్గు తీశాను. కత్తెర పెట్టే ముందు అమ్మతో చెప్పుకున్నాను, చెప్పుకుని కోశాను. పట్టీలు పట్టీలుగా కోసి ఆయనకిస్తే సందులో కొట్టాడు. ఒక్క గంటలో ఉన్ని ఉబ్బింది, చుక్క కారలేదు. నీళ్ళన్నీ తొట్టిలోకి దూకాయి, సుడి గిర్రున లేచింది. నువ్వు పాడుచేశానని ఏడ్చిన ఆ రగ్గు పాడుకాకపోయి ఉంటే పనికొచ్చేది కాదు. ఇవాళ మన ఊరి నీళ్ళు ఆపుతున్నది అమ్మ రగ్గే.

బ్రాతు మేడం వచ్చింది. ఈసారి చెప్పులు బాగున్నాయి. మళ్ళీ అన్నం పెట్టాను, ఆవిడ మళ్ళీ "ఇంకేమైనా కావాలా?" అంది. "కావలసి వస్తే అడుగుతానమ్మా, ఇప్పుడు అలవాటైంది" అన్నాను.

చివర్లో ఒక నివేదిక ఫారం ఇచ్చి వెళ్ళింది. ఫారాలంటే నాకిప్పుడు భయం లేదు. అందులో "ఈ పనికి గ్రామస్థులు స్వయంగా అందించినవి, పేర్లతో" అని ఒక పట్టిక ఉంది. తోడెర్ గారు, పని, కొలతలు. మీ బావ, బండి, ఒక మోకాలు. ఇలా ముప్ఫై ఏడు పేర్లు రాశాను. నస్తాకాది కింద వేరే గీసి "పొరుగువాళ్ళు" అని రాశాను, లేకపోతే అలుగుతుంది.

ముప్ఫై ఎనిమిదో పేరు బ్రుస్తెని వాళ్ళలోనే రాశాను. వోయికా, తూముకు ఒక ఉన్ని రగ్గు.

టీచరమ్మ చూసి, "ఆవిడ క్లూజ్‌లో ఉంటుంది కదండీ, గ్రామస్థులలో రాయొచ్చా?" అని అడిగింది.

పట్టిక కింద అచ్చులో ఒక వాక్యం ఉంది, మీ నోటరీగారికి నచ్చుతుంది: "పైన రాసినవన్నీ నిజమని నా సంతకంతో ధ్రువీకరిస్తున్నాను."

సంతకం పెట్టాను.

మీ అక్క
గాఫియా